ఒకటో తేదీ పింఛను: ఆరేళ్లు తీసుకున్నాక నా సమీక్ష

మా ఊరు ఆంధ్రప్రదేశ్‌లోని కందుకూరుకు ఏడు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 2018లో నా భర్త రోడ్డు ప్రమాదంలో పోయేనాటికి నాకు ఇరవై ఆరేళ్లు, పాపకు అయిదేళ్లు, బాబుకు రెండేళ్లు. ఇంటర్మీడియట్ మార్కుల జాబితా తప్ప నా చేతిలో మరేమీ లేదు. 2019 ఆగస్టు నుంచి నాకు వితంతు పింఛను వస్తోంది. దాన్ని తీసుకుంటూనే దూరవిద్యలో డిగ్రీ, ఆ తర్వాత ఒంగోలులో బి.ఎడ్. పూర్తిచేశాను. ఆరేళ్లు దాటిన ఈ అనుభవంలో ఆ డబ్బు చదువుకునే ఒంటరి తల్లికి ఎక్కడ అక్కరకొచ్చింది, ఎక్కడ ఇబ్బంది పెట్టింది అన్నదే ఇక్కడ రాస్తున్నాను. ఏ ప్రభుత్వం మేలు అన్న చర్చలోకి నేను పోను.

మొదట నెలకు 2,250 రూపాయలు ఇచ్చేవారు. అది 2022 జనవరిలో 2,500, 2023 జనవరిలో 2,750, 2024 జనవరిలో 3,000 అయింది. 2024 జూలైలో 4,000కు పెంచి, ఏప్రిల్ నుంచి రావలసిన మూడు నెలల తేడాను కూడా కలిపి ఆ నెల 7,000 చేతిలో పెట్టారు. ఇది షరతులు లేని సాయం అని నేనంటే, మా గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టుకున్నవాళ్లెవరైనా నవ్వుతారు. బియ్యం కార్డు ఉండాలి, పల్లెలో అయితే కుటుంబ ఆదాయం నెలకు 10,000 దాటకూడదు, కరెంటు వాడకం సగటున 300 యూనిట్లకు మించకూడదు, కారు ఉండకూడదు, ఒక కార్డు మీద మామూలుగా ఒకటే పింఛను. అయితే ఇవన్నీ గడప దాటే వరకే. డబ్బు చేతికొచ్చాక దేనికి ఖర్చుపెట్టావని ఎవరూ అడగరు, రసీదు చూపమనరు, మీటింగుకు రమ్మనరు. నా చదువు సాగింది ఈ అడగకపోవడం వల్లనే అని నా అభిప్రాయం.

దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. పింఛను డబ్బుతో ఫీజులు కట్టుకున్నానని అందరూ అనుకుంటారు గానీ, ఫీజులకు పోయింది తక్కువే. ఆ రోజుల్లో పొగాకును రకాలవారీగా వేరుచేసే గ్రేడింగుకు వెళితే నాకు రోజుకు 280 రూపాయలు వచ్చేవి. 2,250 అంటే ఎనిమిది రోజుల కూలి. అంటే నెలలో ఎనిమిది రోజులు నేను పనికి పోకపోయినా పొయ్యి వెలుగుతుంది. కాంటాక్టు తరగతులు ఉన్న ఆదివారాలు, పరీక్షల ముందు నాలుగు రోజులు, పరీక్ష రోజులు, అన్నీ ఆ ఎనిమిదిలో సర్దుకున్నాను. అంతకుముందు మేస్త్రీ కబురుపెడితే రానని చెప్పే ధైర్యం నాకు ఉండేది కాదు, ఎందుకంటే ఒకసారి రానంటే వచ్చే వారం కూడా పిలవరు. పింఛను మొదలయ్యాక, "ఈ వారం పరీక్షలున్నాయి పెద్దయ్యా, సోమవారం నుంచి వస్తా" అని చెప్పగలిగాను. ఆయన గొణిగేవాడు, కానీ పిలవడం మానలేదు.

మొదటి నెలల్లో పంచాయతీ కార్యాలయానికి వెళ్లి వేలిముద్ర వేసి తీసుకోవలసి వచ్చేది. 2020 జనవరిలో నేను పచ్చాకు కర్రలకు కట్టే పనిలో ఉన్నాను. పొగాకు ఆకు జిగట గురించి తెలిసినవారికి చెప్పనక్కర లేదు, వేళ్లకు నల్లటి తారులా అంటుకుని, చింతపండు పెట్టి తోమినా రెండు రోజుల దాకా వదలదు. యంత్రం మీద ఏ వేలు పెట్టినా ముద్ర పడలేదు. నా వెనుక వరుసలో ముసలివాళ్లు నిలబడి ఉన్నారు. చివరికి ఎడమచేతి చిటికెనవేలు పనికొచ్చింది, ఆకు కట్టేటప్పుడు దానికి పెద్దగా పని ఉండదు. ఆ మరుసటి నెల, 2020 ఫిబ్రవరి ఒకటి నుంచి, గ్రామ వాలంటీర్లు ఇంటికే తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ మార్పుతో నాకు నెలకు ఒక పూట మిగిలింది.

ఇంట్లో మాత్రం పేచీ తప్పలేదు. మా అత్తగారి కార్డు బావగారి ఇంటి కార్డుతో ఉన్నా, ఆమె ఉండేది నా దగ్గరే. నేను డిగ్రీ పుస్తకాల కట్ట తెచ్చిన రోజు ఆమె వాకిట్లో కూర్చుని, "నా కొడుకు పోయాడని ఇస్తున్న డబ్బు అమ్మే అది, నీళ్లలో పోసినట్టు పుస్తకాల్లో పోస్తావా?" అని ఏడ్చింది. దానికి జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు. ఆ పింఛను పేరులోనే ఆయన చావు ఉంది. నేను చేసిందల్లా ప్రతి నెలా లెక్క రాసి ఆమెకు చదివి వినిపించడం. 2021 ఫిబ్రవరి పేజీలో ఇలా ఉంది: గ్యాసు బండ 800, పాప చెప్పులు 180, నోట్సు జిరాక్సులు 310, బాబు దగ్గు మందు 95, చీటీ బాకీ 500. మిగిలిన 365 పరీక్ష ఫీజుకని బియ్యం డబ్బాలో దాచాను. ఊరికే డబ్బిస్తే దుబారా చేస్తారన్న అనుమానం ఉన్నవారు ఇలాంటి పేజీలు చూడాలి. మధ్యప్రదేశ్‌లో 2011లో ‘సేవా’ (SEWA) అనే మహిళా కార్మికుల సంఘం, యూనిసెఫ్ కలిసి ఎనిమిది గ్రామాల్లో పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100 చొప్పున ఏ షరతూ లేకుండా ఇచ్చి చూశాయని ఆ తర్వాత చదివాను. అక్కడా తాగుడు ఖర్చు పెరగలేదట, పిల్లల చదువు ఖర్చు పెరిగిందట. నాకు ఆశ్చర్యం కలగలేదు.

లాక్‌డౌన్ నెలల్లో ఆ డబ్బు విలువ ఇంకా బాగా తెలిసింది. 2020 మార్చి చివర పొగాకు వేలం ఆగిపోయింది, దానితో మా గ్రేడింగు కూడా. ఏప్రిల్ ఒకటిన వాలంటీరు ముఖానికి తువ్వాలు కట్టుకుని వచ్చి, వేలిముద్ర అక్కర్లేదని ఫోటో తీసుకుని డబ్బు ఇచ్చి వెళ్లాడు. పరీక్షలు వాయిదా పడ్డాయి, నేను ఇంగ్లీషు పేపరు తప్పాను, మళ్లీ రాశాను. డిగ్రీ చేతికొచ్చేసరికి 2022 అయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో మా కందుకూరును ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో కలపడంతో, నా ధ్రువపత్రాల్లో సగం ఒక జిల్లా, సగం మరో జిల్లా అయ్యాయి. బి.ఎడ్. సీట్ల కోసం జరిగే ఎడ్‌సెట్ కౌన్సెలింగులో దాన్ని వివరించడానికే ఒక గంట పట్టింది.

బి.ఎడ్. సంగతి వేరు. రోజూ కందుకూరు నుంచి సింగరాయకొండ మీదుగా ఒంగోలు బస్సు. కూలికి వెళ్లడానికి సెలవులే మిగిలాయి. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తుందని చేరాను, కానీ 2023లో పరీక్షల ముందు కళాశాలవారు డబ్బు ఇంకా రాలేదని, 6,000 కడితేనే హాల్ టికెట్ ఇస్తామన్నారు. రెండు నెలల పింఛను 5,500 బియ్యం డబ్బాలో ఉంది, మా అన్న దగ్గర 500 తీసుకున్నాను. ఆ 6,000 తిరిగి ఇప్పించుకోవడానికి తిరిగిన తిరుగుడు ఇక్కడ అనవసరం. ఆ రోజు వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా బయటపడ్డానంటే ఆ డబ్బా వల్లనే. మహిళలకు ఉచిత బస్సు 2025 ఆగస్టు 15న మొదలైంది. నాకు రెండేళ్ల ముందే వచ్చుంటేనా!

పింఛనుతో పోల్చి చూడటానికి నాకు మరో సాయం కూడా ఉంది, పిల్లలను బడికి పంపే తల్లులకు ఏటా ఇచ్చిన అమ్మ ఒడి. 2020 జనవరిలో పాప పేరిట 15,000 వచ్చింది, మరుసటి ఏడు 14,000, ఆ తర్వాత రెండు విడతలు 13,000 చొప్పున. పెద్ద మొత్తమే, బాకీలు తీర్చడానికి పనికొచ్చింది. అయితే పిల్లల హాజరు 75 శాతం ఉండాలన్న నిబంధన వచ్చాక, టైఫాయిడ్ తగ్గీ తగ్గని పాపను బడికి పంపిన రోజు ఒకటుంది. అది నేను గర్వంగా చెప్పుకునే విషయం కాదు. డ్వాక్రా రుణమైతే నెల నెలా వాయిదా తరుముతుంది. అలాంటి డబ్బుతో గేదెను కొనవచ్చు గానీ మూడేళ్లకు గానీ ఫలితం తెలియని చదువు చదవడం కష్టం.

లోపాలు చెప్పాలి. 2024 మార్చి చివర ఎన్నికల వేళ వాలంటీర్లు పింఛను పంచకూడదని ఎన్నికల సంఘం ఆదేశించింది. మే నెలలో డబ్బు బ్యాంకు ఖాతాలో వేశారు. నా ఖాతాలో కనీస నిల్వ లేదని బ్యాంకువారు 354 రూపాయలు కోసుకున్నారు. చేతికిచ్చే డబ్బుకు, ఖాతాలో పడే డబ్బుకు ఉన్న తేడా అప్పుడు తెలిసింది. ఒకటో తేదీన ఊళ్లో ఉండితీరాలన్న బెంగ మరొకటి. టీచింగ్ ప్రాక్టీసులో ఉన్నప్పుడు రెండుసార్లు పాఠం మానుకుని పరుగెత్తుకొచ్చాను. ఇప్పుడు రెండు నెలల వరకు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తున్నారు, అది మంచి మార్పు.

అన్నిటికంటే పెద్ద లోపం ఆదాయ పరిమితి. 2024 అక్టోబరులో టీచర్ల అర్హత పరీక్ష టెట్ రాసి పాసయ్యాను. 2025 జూన్‌లో ప్రభుత్వ టీచరు పోస్టుల కోసం డీఎస్సీ రాశాను, 16,347 పోస్టుల్లో నాకు ఒకటి దక్కలేదు. ప్రస్తుతం కందుకూరులో ఒక ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెబుతున్నాను, జీతం 9,000. సింగరాయకొండలో మరో బడివారు 12,000 ఇస్తాం రమ్మన్నారు. వెళితే జీతం 3,000 పెరుగుతుంది, పది వేలు దాటినందుకు 4,000 పింఛను పోతుంది. చదువుకుని ఎక్కువ సంపాదించడమే ఈ సాయానికి ముగింపు అయినప్పుడు, ఒక్కసారిగా కోసేయకుండా కొద్దికొద్దిగా తగ్గిస్తే బాగుంటుంది. లెక్క ఇలా ఉంటే జీతాన్ని తక్కువగా రాయించుకునేవాళ్లు తయారవుతారు. నాకు ఆ సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు.

ఈ మాట అత్తగారితో అంటే, "పోనీలే అమ్మే, వాడి పేరుతో తిన్నది చాలు, నీ పేరుతో తిందాం" అంది. నేను మాత్రం సింగరాయకొండ బడివారికి 14,000 అయితే వస్తానని చెప్పాను. వారి నుంచి ఇంకా జవాబు రాలేదు.