సార్వా, దాళ్వా టేబుళ్లన్నీ ఒకే వ్యూలో: ఎస్‌క్యూఎల్ సర్వర్ పార్టిషన్డ్ వ్యూ ఎలా ఉంది?

మండపేట దగ్గర ఒక రైస్ మిల్లుకి ధాన్యం కొనుగోలు లెక్కల సాఫ్ట్‌వేర్ నేనే చూస్తాను. అక్కడి పాత విజువల్ బేసిక్ ప్రోగ్రాం సార్వాకి (ఖరీఫ్ పంట) ఒకటి, దాళ్వాకి (రబీ పంట) ఒకటి చొప్పున సీజన్‌కో టేబుల్ తయారు చేసేది. కాలమ్‌లన్నీ అవే, పేరులోనే తేడా. ఒక రైతు మూడేళ్ల లెక్క అడిగితే ఆరు టేబుళ్లు వెతకాలి. వాటిని కదపకుండా మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పార్టిషన్డ్ వ్యూ, అంటే ఆ టేబుళ్లన్నిటినీ ఒకే టేబుల్‌లా చూపించే క్వెరీ, పెట్టి కొన్నేళ్లుగా వాడుతున్నాను. నాకు బాగా నచ్చింది.

టేబుళ్లను యూనియన్ ఆల్‌తో (రికార్డులన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చే ఆదేశం) కలుపుతాం. ఏ రికార్డు ఏ టేబుల్‌దో తేల్చే కాలమ్ ఒకటి అన్నిట్లో ఉండాలి, దాని మీద చెక్ కన్‌స్ట్రెయింట్ (ఏ విలువలు రావచ్చో చెప్పే నియమం) ఉండాలి, ఆ కాలమ్ ప్రైమరీ కీలో (రికార్డును విడిగా గుర్తించే కీ) భాగం కావాలి. దీన్నే పార్టిషనింగ్ కాలమ్ అంటారు. ఒకే విలువ రెండు టేబుళ్లకు వర్తించకూడదు. ఇవి కుదిరితే వ్యూలోకి ఇన్సర్ట్ చేసిన రికార్డును సర్వరే సరైన టేబుల్‌లో వేస్తుంది. ఇది ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000 నుంచి ఉంది.

అసలు ఆలోచించాల్సింది ఆ కాలమ్ గురించే. తేదీ పెడితే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. మన డెల్టాలో కుదరదు. సార్వా ధాన్యం ఎక్కువగా నవంబరు, డిసెంబరుల్లో వస్తుంది. కానీ ధర కోసం దాచుకున్న రైతు దాన్ని మార్చిలో కూడా తోలతాడు. అప్పటికి కొందరి దాళ్వా కోతలు మొదలవుతాయి. ఒకే రోజు కాటా మీదకి రెండు పంటలూ రావచ్చు. అందుకే 202401 సార్వా, 202402 దాళ్వా అన్నట్టు సీజన్ నంబరుకే కాలమ్ పెట్టాను. అది, కాటా చీటీ నంబరు కలిపి ప్రైమరీ కీ. గుమాస్తా సీజన్ తప్పు కొడితే వ్యూలో ఆ ఒక్క అంకె మారిస్తే చాలు, రికార్డు పాత టేబుల్ నుంచి తీసేసి కొత్త టేబుల్‌లో చేరుతుంది. ఈ సుఖం కోసమైనా ఈ వ్యూ పెట్టుకోవచ్చు.

ఇబ్బందులూ ఉన్నాయి. వ్యూ ద్వారా ఇన్సర్ట్ చేసేటప్పుడు ప్రతి కాలమ్‌కీ విలువ ఇవ్వాల్సిందే, డిఫాల్ట్ ఉన్నా సరే. తేమ శాతం కాలమ్‌కి 17 డిఫాల్ట్ ఉండేది, ఇప్పుడు ఫారమే దాన్ని పంపాలి. ఐడెంటిటీ కాలమ్ (సర్వరే వరస నంబరు వేసే కాలమ్) ఉన్న టేబుల్ పనికిరాదు. అందుకే చీటీ నంబరును ముందు సీక్వెన్స్ (టేబుల్‌తో సంబంధం లేకుండా వరస నంబర్లు ఇచ్చేది) నుంచి వేరియబుల్‌లోకి తీసుకుని ఇస్తున్నాను. సీక్వెన్స్ 2012 వెర్షన్‌లో వచ్చింది. వ్యూలో కలిపిన ఏ టేబుల్ మీదైనా ట్రిగ్గర్ (డేటా మారినప్పుడు తనంతట తాను నడిచే కోడ్) ఉన్నా వ్యూ ద్వారా మార్పులు కుదరవు.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది 4436 ఎర్రర్. పార్టిషనింగ్ కాలమ్ దొరకలేదంటుంది. చూస్తే కాలమ్ ఉంటుంది, కన్‌స్ట్రెయింటూ ఉంటుంది. బల్క్ ఇన్సర్ట్ (ఫైల్ నుంచి ఒకేసారి చాలా రికార్డులు ఎక్కించే ఆదేశం) మామూలుగా చెక్ కన్‌స్ట్రెయింట్‌లను పట్టించుకోదు, ఆ తర్వాత సర్వర్ వాటిని నమ్మదు. సిస్.చెక్_కన్‌స్ట్రెయింట్స్ అనే సిస్టమ్ వ్యూలో ఈజ్_నాట్_ట్రస్టెడ్ కాలమ్‌లో 1 అని కనిపిస్తే కారణం అదే. ఆల్టర్ టేబుల్‌లో విత్ చెక్ చెక్ కన్‌స్ట్రెయింట్ అని రాస్తే పాత డేటా అంతా సరిచూసి మళ్లీ నమ్ముతుంది. చెక్ అనే మాట రెండుసార్లు రావాలి, ఒకటి వదిలేస్తే నమ్మకం తిరిగి రాదు.

వేగం సంగతి: సీజన్ నంబరుతో అడిగితే ఆ ఒక్క టేబులే చదువుతుంది. రైతు పేరుతో మాత్రమే అడిగితే అన్నీ చదవాల్సిందే, కాబట్టి ప్రతి టేబుల్‌లోనూ పేరు మీద ఇండెక్స్ (వెతకడం వేగం చేసే సూచిక) ఉండాలి.

కొత్తగా మొదలుపెట్టే మిల్లుకైతే ఇది చెప్పను. ఒకే టేబుల్, మంచి ఇండెక్స్ చాలు. డేటా మరీ పెరిగితే టేబుల్ పార్టిషనింగ్ (ఒకే టేబుల్‌ను సర్వరే లోపల ముక్కలుగా ఉంచడం) ఉంది. 2016 సర్వీస్ ప్యాక్ 1 నుంచి అది అన్ని ఎడిషన్లలోనూ దొరుకుతోంది. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ వాడేవాళ్లకి యూనియన్ ఆల్ వ్యూ తనంతట తాను అప్‌డేట్ కాదు, ఇన్‌స్టెడ్ ఆఫ్ ట్రిగ్గర్ (వ్యూలో మార్పుకు బదులు నడిచే ట్రిగ్గర్) రాసుకోవాలి. ఇప్పటికే సీజన్‌కో టేబుల్ పోగుపడి, పాత ప్రోగ్రాం ఇంకా నడుస్తున్న చోట మాత్రం ఈ వ్యూనే పెట్టమంటాను. ఏడాదికి రెండుసార్లు కొత్త టేబుల్ చేర్చి ఆల్టర్ వ్యూ నడపాలి. నేను ఆ పని కోతలకు ముందే చేసేస్తాను, లారీలు కాటా ముందు నిలబడ్డాక తీరిక ఉండదు.