ఉప్పల్‌లో ఐపీఎల్: నమాజు చేసేవారికి ఏ టికెట్ నయం?

ఉప్పల్ రాజీవ్ గాంధీ స్టేడియంలో మ్యాచ్ చూడాలనుకునే నమాజీలకు రాత్రి ఏడున్నర టికెట్టే మేలు. పెందలాడే ఇల్లు చేరొచ్చని చాలామంది మధ్యాహ్నం మూడున్నర మ్యాచ్ తీసుకుంటారు. చిక్కంతా దాంతోనే.

ఏప్రిల్ నడుమ హైదరాబాద్‌లో హనఫీ ధర్మశాస్త్ర శాఖ లెక్కన అసర్ (సాయంకాలపు నమాజు) 4:45 ప్రాంతంలో మొదలవుతుంది. ఇన్నింగ్స్ విరామం ఐదుంపావు అటూఇటూ వస్తుంది, 20 నిమిషాలుంటుంది. కాబట్టి అసర్ గట్టెక్కుతుంది. మగ్రిబ్ (పొద్దుగూకాక చేసే నమాజు) 6:35కి, అంటే సరిగ్గా ఛేదన రసపట్టులో ఉన్నప్పుడు. ఆట ముగిసేసరికి ఏడుంపావు, జనంలోంచి బయటపడేసరికి ఏడున్నర దాటుతుంది. 7:50 దగ్గర ఇషా (రాత్రి నమాజు) వచ్చేస్తుంది. మగ్రిబ్‌ను అంతదాకా లాగడం మక్రూహ్ (చేయకుండా ఉండాల్సిన పని), ఇంకాస్త ఆలస్యమైతే ఖజా (వేళ తప్పిన నమాజు). రాత్రి మ్యాచ్‌కు ఈ బెడద లేదు. బయట మసీదులో మగ్రిబ్ జమాత్‌తో (అందరితో కలిసి) చేసుకుని వెళ్తే పోయేది టాస్, మహా అయితే మొదటి రెండు మూడు ఓవర్లు. ఇషాకు అర్ధరాత్రి వరకు వెసులుబాటుంది.

లోపల నమాజు గది ఉంటుందన్న భరోసాతో వెళ్లొద్దు. బ్యాగు, నీళ్ల సీసా, సెంటు, బయటి తిండి పోలీసుల నిషేధిత జాబితాలో ఉంటాయి. అత్తరు బుడ్డి కూడా గేటు దగ్గర వదులుకోవాల్సిందే. జానమాజ్ (నమాజు చాప) బదులు జేబులో పట్టే పలుచని గుడ్డ చాలు. వజూ (నమాజుకు ముందు ముఖం, కాళ్లుచేతులు కడుక్కోవడం) ఇంట్లోనే చేసి తోలు మేజోళ్లు తొడుక్కుంటే, మళ్లీ వజూ చేయాల్సి వచ్చినా కాళ్లు కడగనక్కర్లేదు, మేజోళ్లను తడిచేత్తో తుడిచే మసహ్ సరిపోతుంది. ఊళ్లో ఉన్నవారికి దీని గడువు ఒక పగలు, ఒక రాత్రి. మామూలు నూలు సాక్సుల మీద ఇది చెల్లదు. ఖిబ్లా (నమాజులో తిరగాల్సిన కాబా దిక్కు) పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. మెట్లెక్కి మలుపులు తిరిగాక దిక్కు తెలియదు, ముందే ఫోన్‌లో చూసిపెట్టుకోండి.

2025 మార్చి 23న సన్‌రైజర్స్ ఇక్కడే 286 కొట్టిన మ్యాచ్ రంజాన్‌లో, అదీ మధ్యాహ్నం జరిగింది. అలాంటి రోజుల్లో ఇఫ్తార్‌కు ఖర్జూరం ఎలాగన్నది టికెట్ కొనకముందే ఆలోచించుకోవాలి.

అసలు చూడటమే తప్పా? కాదు. పండగనాడు మసీదులో అబిసీనియావారు బల్లేలతో ఆడుతుంటే, హజ్రత్ ఆయిషా తనివితీరా చూసేదాకా దైవప్రవక్త (స) ఆమె ఇతరులకు కనబడకుండా చాటుగా నిలబడి ఉన్నారని బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. పైగా క్రికెట్ దుస్తుల్లో నాభి నుంచి మోకాలి దాకా కప్పుకోవాలన్న సత్ర్ సమస్య కూడా రాదు, కబడ్డీకి ఆ మాట చెప్పలేం.

హరాం (నిషిద్ధం) ఎక్కువగా పక్కసీటు నుంచే వస్తుంది. "ఓడినోడు బిర్యానీ పెట్టాలి" అని ఇద్దరూ ఒప్పుకుంటే అది జూదమే, ఖుర్ఆన్ 5:90 నిషేధించిన మైసిర్. ఒక్కడే "మీవాళ్లు గెలిస్తే నేను పెడతా" అని, అవతలివాడు ఏమీ ఒడ్డకపోతే ఫర్వాలేదు. అందరూ ప్రవేశ రుసుం కట్టి, ఆ కుప్పలోంచే గెలిచినవాడికి ఇచ్చే ఫాంటసీ జట్లదీ జూదం లెక్కే. తెలంగాణ 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపింది, 2025లో కేంద్రం దేశమంతటా చట్టం తెచ్చింది. ఉచిత పోటీలో నిర్వాహకుడు తన జేబులోంచి బహుమతి ఇస్తే ఈ అభ్యంతరం ఉండదు. ఇక జెర్సీ కొనేటప్పుడు ఛాతీ మీద ఏ కంపెనీ పేరుందో చూడండి. హాషిం ఆమ్లా దక్షిణాఫ్రికాకు ఆడినంతకాలం బీరు కంపెనీ గుర్తు లేని చొక్కానే వేసుకున్నాడు. అభిమాని ఆ మాత్రం చేయలేడా?

ఓడిపోయాక తిట్లు, స్టేటస్‌ల యుద్ధం టికెట్‌తో ఉచితం. ఎవరికీ ఓడని ప్రవక్త (స) ఒంటె అజ్బాను ఒక పల్లెవాసి ఒంటె దాటేసినప్పుడు ముస్లింలు కష్టపెట్టుకున్నారు. లోకంలో పైకి లేచిన దేన్నైనా దించడం అల్లాహ్ హక్కు అని ఆయన అన్నారు. ఆ మాట పదో ఓవర్లో గుర్తుంటే సరే, లేదంటే ఆ డబ్బు మిగుల్చుకోండి.

రాత్రి మ్యాచ్‌కు ఒకటే లోపం, ఫజర్ (తెల్లవారుజాము నమాజు). ఆట పదకొండున్నరకు ముగుస్తుంది, స్టేడియం స్టేషన్‌లో మెట్రో రద్దీ దాటి పడుకునేసరికి ఒంటిగంట. మే నడుమ ఫజర్ 4:25కే, సూర్యోదయం 5:45 లోపు. అలారం ఒకటి సరిపోదు, ఇంట్లో లేపేవారు ఉండాలి.