నాలుగు ఎండాకాలాలు చూసిన తెల్ల మాస్కు

మా షార్ట్ ఫిల్మ్ కోసం 1,800 రూపాయలు పెట్టి కొన్న లేటెక్స్ మాస్కు ఇది. ఈ మేతో నాలుగేళ్లు నిండాయి. అమెరికన్ హారర్ సినిమా 'హాలోవీన్' విలన్ మైఖేల్ మయర్స్‌ను దేవరకొండ ఖిల్లా మీద నడిపించాలని మా కోరిక.

1978లో ఆ సినిమా వాళ్లు 'స్టార్ ట్రెక్' పాత్ర కెప్టెన్ కిర్క్ మాస్కును రెండు డాలర్లలోపే కొని, తెల్ల రంగు కొట్టి, కళ్ల రంధ్రాలు పెద్దవి చేశారు. ఆ ముఖంలో కోపం లేదు, నవ్వు లేదు. భయమంతా అక్కడే ఉంది. 2007 రీమేక్‌లో దాన్నే మాసిపోయి పగుళ్లు పట్టినట్టు మార్చారు. నేనూ మొదట పగుళ్లు, రక్తం మరకలు, నొసటి మీద గాటు పెట్టాను. చేతిలో పట్టుకుంటే బాగుంది. ఖిల్లా మెట్ల మీద ఇరవై అడుగుల దూరంలో చూస్తే ఎవరో మట్టిలో పడి లేచినట్టుంది. మూడు రోజుల పని మీద తెల్ల రంగు వేసేశాను. కనుబొమల కింద, బుగ్గల కింద మాత్రం లేత బూడిద రంగు ఉంచాను. ఆ సాయంత్రం గొర్లు తోలుకుపోతున్న తాత ఆగి, "ఎవరివిరా నువ్వు, మాట్లాడవేంది?" అన్నాడు. నాకు కావాల్సింది అదే.

మామూలు ఆక్రిలిక్ రంగు మాత్రం వేయకండి. మాస్కు తలకు ఎక్కించేటప్పుడు రబ్బరు సాగుతుంది, రంగు పెచ్చులుగా ఊడుతుంది. లిక్విడ్ లేటెక్స్‌లోనే రంగు కలిపి స్పాంజితో అద్దితే రబ్బరుతో పాటు సాగుతుంది. అమోనియా వాసన ఘాటుగా ఉంటుంది, ఆరుబయట కలపండి.

పెద్ద దెబ్బ నూనెతో తగిలింది. వీధి భాగవతాల్లో వేషగాళ్లు ముఖానికి కొబ్బరి నూనె రాసుకుని ఆపైన అర్దళం అనే పసుపు రంగు పొడి పూస్తారు. హిరణ్యకశిపుడి వేషం కట్టే మామ చెప్పాడని మా నటుడు నూనె రాసుకుని మాస్కు తొడిగాడు. కొన్ని రోజులకే మెడ దగ్గర రబ్బరు ఉబ్బి జిగటగా తయారైంది. మామ మాట వేషానికి సరైనదే, రబ్బరుకే నూనె పడదు. ఇప్పుడు టాల్కం పౌడర్ వాడుతున్నాం.

ఎండల్లో పది నిమిషాలకోసారి మాస్కు తీయిస్తాను. లోపల చెమట గుక్కెడు కారుతుంది, పిల్లవాడికి ఊపిరాడదు. ఒక వేసవిలో రేకుల గదిలో వదిలేస్తే చెవి దగ్గర చీలింది. లోపలి వైపు గుడ్డముక్క పెట్టి లేటెక్స్‌తో అతికించాను. అప్పటి నుంచి పాత చొక్కాలు కుక్కి, వెలుగు తగలని అల్మారాలో పెడుతున్నాను. రెండో భాగానికీ ఇదే మాస్కు వాడతాం.