కొత్త సంఘానికి వచ్చిన పాస్టరుకు హైదరాబాద్ మెట్రో ఎంతవరకు ఉపయోగం?

హైదరాబాద్ మెట్రో గురించి ఉద్యోగస్థులు, విద్యార్థులు చెప్పిన అభిప్రాయాలు చాలానే చదివాను గాని, ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేయడం, రోగులను పరామర్శించడం నిత్యకృత్యంగా గల సంఘ కాపరికి అది ఎలా పనికివస్తుందో చెప్పినవారు నాకు కనబడలేదు. మెదక్ జిల్లాలోని ఒక గ్రామ పాస్టరేట్ (ఒక పాస్టరు పరిచర్య కింద ఉండే సంఘాల గుంపు) నుండి సికింద్రాబాద్‌లోని ఒక సంఘానికి బదిలీ అయి వచ్చిన నాటి నుండి సంఘ దర్శనాలకు నేను ఎక్కువగా మెట్రోనే నమ్ముకున్నాను. కొత్త చోట పరిచర్య మొదలుపెట్టే పాస్టరుకు ఇంతకంటే మేలైన వాహనం ఈ నగరంలో లేదని నా అభిప్రాయం.

మా డయాసిస్‌లో, అంటే ఒక బిషప్ పాలన కింద ఉన్న సంఘాల మండలంలో, పాస్టర్లు ఒకే చోట స్థిరపడరు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడినప్పుడు అందులో కలిసిన మెథడిస్టుల నుండి మాకు ఈ పద్ధతి సంక్రమించింది. గుర్రం మీద ఊరూరా తిరిగి సువార్త ప్రకటించిన మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీ, ప్రసంగీకుడు ఒకే చోట ఎక్కువ కాలం ఉండిపోవడం అతనికీ సంఘానికీ మంచిది కాదని గట్టిగా నమ్మినవాడు. అందుచేత బదిలీ ఉత్తర్వు రావడం మాకు వింత కాదు. అయితే పల్లె నుండి పట్నానికి వచ్చినప్పుడు మారేది ఊరొక్కటే కాదు, పరిచర్య చేసే తీరు కూడా మారాలి. పల్లెలో పొద్దు గూకిన తరువాత మోటారు సైకిల్ మీద బయలుదేరితే సంఘస్థులందరూ ఇళ్ల దగ్గరే ఉండేవారు. "అయ్యగారు వచ్చిండ్రు" అని ఒక ఇంట్లో అంటే నాలుగు ఇళ్లవారు చాపలు పరుచుకొని కూర్చునేవారు. ఇక్కడ ఆదివారం ఒకే బల్ల మీద కూర్చుని ఆరాధించిన కుటుంబాలలో ఒకటి నాగోలులో, ఇంకొకటి మియాపూర్‌లో, మరొకటి ఎల్బీనగర్‌లో ఉంటుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాల నుండి ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. ముందుగా ఫోన్ చేసి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర పుస్తకంలో పేరు రాసి పైకి వెళ్లాలి. దీనిని ప్రేమ తక్కువై పెట్టిన అడ్డుగా నేను ఎంచలేదు. ఇక్కడివారి జీవితం అలా నడుస్తుంది కనుక, వారి వేళలకు నా వేళలను సరిపెట్టుకోవడమే కాపరి ధర్మమని తీర్మానించుకున్నాను.

ఆ సర్దుబాటులో మెట్రో చేసిన సాయం పెద్దది. 2017 నవంబరులో ప్రారంభమైన ఈ రైలు మార్గాలు ఇప్పుడు మూడు వరుసలుగా సుమారు 69 కిలోమీటర్ల మేర ఉన్నాయి. మియాపూర్ నుండి ఎల్బీనగర్‌కు ఎర్ర లైను, నాగోలు నుండి రాయదుర్గానికి నీలి లైను, జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుండి ఎంజీబీఎస్‌కు (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) ఆకుపచ్చ లైను. సికింద్రాబాద్‌లో ఉండేవారికి కలిసొచ్చే సంగతి ఏమిటంటే, నీలి లైను, ఆకుపచ్చ లైను పరేడ్ గ్రౌండ్ దగ్గర కలుస్తాయి. అక్కడి నుండి తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్ మీదుగా నాగోలు వైపు ఒక సాయంత్రం, అమీర్‌పేటలో రైలు మారి కూకట్‌పల్లి, మియాపూర్ వైపు మరొక సాయంత్రం, ఎంజీబీఎస్‌లో మారి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు ఇంకొక సాయంత్రం అని నేను సంఘాన్ని రైలు మార్గాలను బట్టి విభజించుకున్నాను. పాస్టరేట్ కమిటీ పెద్దలకు మొదట ఇది కొత్తగా తోచింది. ఇప్పుడు ఒక్కొక్క లైను మీద ఉన్న కుటుంబాలు తమలో తాము మాట్లాడుకొని గృహ కూటముల తేదీలు పెట్టుకుంటున్నాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది వేళ తప్పకపోవడం. జేబీఎస్ నుండి ఎంజీబీఎస్ వరకు గల 11 కిలోమీటర్లు రైలులో పావుగంటకు కాస్త ఎక్కువ, అంతే. రోడ్డు మీద సాయంత్రం పూట ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటడానికే అంతకు మించి పడుతుంది. ఎనిమిదిన్నరకు వస్తానని మాట ఇచ్చిన ఇంటికి ఎనిమిదిన్నరకే చేరగలిగితే, పిల్లలు నిద్రపోకముందే ప్రార్థన ముగుస్తుంది. కొత్త కాపరిని సంఘం కొలిచేది ఇలాంటి చిన్న మాటల దగ్గరే.

ఆస్పత్రి పరామర్శల విషయంలో దీని ఉపయోగం ఇంకా స్పష్టం. గాంధీ ఆస్పత్రి పేరుతోనే ఆకుపచ్చ లైను మీద స్టేషన్ ఉంది. నిమ్స్ ఆస్పత్రికి పంజాగుట్ట, ఎర్రమంజిల్ స్టేషన్లు దగ్గర. మంచం పట్టినవారికి ప్రభు రాత్రి భోజన సంస్కారం ఇవ్వడానికి నేను చిన్న పాత్రల పెట్టె, ద్రాక్షరసం సీసా వెంట తీసుకువెళ్తాను. ప్రవేశంలో అన్ని సంచుల లాగే ఆ పెట్టెనూ స్కానర్ మీద పెట్టాలి. లోహపు పాత్రలను చూసి భద్రతా సిబ్బంది ఒకసారి తెరవమన్నారు. అవి దేనికో చెప్పగానే ఆ అమ్మాయి తానే జాగ్రత్తగా మూత పెట్టి ఇచ్చింది. పాత్రలను మెత్తని బట్టలో చుట్టి, పెట్టె సులువుగా తెరిచేటట్టు సంచిలో పైన ఉంచుకోవడం మంచిదని తోటి పాస్టర్లకు చెబుతున్నాను.

లోటు లేకపోలేదు. సాయంత్రం ఆరు నుండి ఎనిమిది వరకు మూడు పెట్టెల రైలు అమీర్‌పేట దగ్గర కిక్కిరిసిపోతుంది. వయసు మళ్లిన పాస్టర్లు ఆ వేళ తప్పించుకోవాలి. పాస్టరమ్మగారితో కలిసి వెళ్లేటప్పుడు ఆమె స్త్రీలకు కేటాయించిన ముందు భాగంలో ఎక్కితే కాస్త నిలువ చోటు దొరుకుతుంది. 2025 మే నెలలో ఛార్జీలు పెరిగి, తరువాత కొంత తగ్గించగా కనీసం 11 రూపాయలు, గరిష్ఠం 69 రూపాయలు అయ్యాయి. నెల పొడుగునా తిరిగే పాస్టరుకు ఇది లెక్కలోకి వచ్చే ఖర్చే, కనుక కమిటీలు ప్రయాణ భత్యం నిర్ణయించేటప్పుడు దీనిని గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. స్టేషన్ నుండి ఇంటి వరకు గల చివరి రెండు మూడు కిలోమీటర్లకు ఆటో వెదుక్కోక తప్పదు, కొన్ని చోట్ల ఆ ఆటో ఖర్చు రైలు టికెట్టును మించుతుంది. పాతబస్తీ లోపలికి, ఈసీఐఎల్ వైపుకు, అల్వాల్, బొల్లారం వైపుకు మెట్రో లేదు. బొల్లారం కుటుంబాల కోసం సికింద్రాబాద్ నుండి మేడ్చల్ వెళ్లే ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల వేళలు చూసుకొని బయలుదేరుతున్నాను గాని, ఆ రైళ్లు తక్కువ.

ఈ లోటుపాట్లన్నీ లెక్కలోకి తీసుకున్నా, పల్లె నుండి వచ్చే పాస్టరు కారు కొనుక్కునే ఆలోచనకు ముందు కొన్ని నెలలైనా మెట్రోలో తిరగాలని నా సలహా. తన సంఘస్థులు ప్రతిరోజూ ఏ అలసటతో ఇల్లు చేరుతున్నారో వారి పక్కన నిలబడి ప్రయాణించినప్పుడు తెలిసినంతగా మరెలాగూ తెలియదు. నా ఆదివారపు ప్రసంగం నిడివి తగ్గడానికీ, బుధవారం ఉపవాస ప్రార్థనను ఉద్యోగస్థుల కోసం రాత్రి వేళకు మార్చడానికీ అదే కారణం. వచ్చినవారు మొదటి వారంలోనే స్మార్ట్ కార్డు తీసుకొని, సంఘ సభ్యుల జాబితాలో ప్రతి చిరునామా పక్కన దగ్గరి స్టేషన్ పేరు రాసి పెట్టుకుంటే, సందర్శనాలు ఏ ఇంటి నుండి మొదలుపెట్టాలన్న ప్రశ్న తేలిపోతుంది.