హైదరాబాద్ నుంచి లద్దాఖ్: బైక్ నడుపుకుంటూ పోవాలా, రైలెక్కించాలా, అక్కడ అద్దెకి తీసుకోవాలా?

ఎండాకాలం వచ్చిందంటే చాలు ఇదే ప్రశ్న, "అన్నా, లద్దాఖ్‌కి ఇక్కడ్నుంచే నడుపుకుంటూ పోదామా, బండిని రైల్లో వేసేద్దామా?" అని. ఒక్కొక్కళ్ళకీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా. ఏ బండి, ఏ జాకెట్ అనే గొడవలోకి పోవట్లేదు, అవన్నీ మీకు తెలిసినవే.

మనవాళ్ళలో ఎక్కువమందికి ఇంటిముందు బండి స్టార్ట్ చేసి సీదా పోవడమే ఇష్టం. దారి కూడా ఈజీనే, ఎన్‌హెచ్ 44 పట్టుకుంటే ఆదిలాబాద్, నాగ్‌పూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ, జమ్మూ, శ్రీనగర్ దాకా అదే రోడ్డు, అక్కడ్నుంచి లద్దాఖ్‌లో ముఖ్య ఊరు లేహ్ ఇంకో 420 కిలోమీటర్లు, మొత్తం 2,800 దగ్గర పడతది. రోడ్డుకి వంక పెట్టలేం. కానీ ఢిల్లీ దాకా 1,500 పైచిలుకు కిలోమీటర్లు లారీల పక్కన ఎండలో మాడటమే తప్ప చూసేదేం పెద్దగా లేదు, జూన్ మొదట్లో మధ్యాహ్నం పూట నాగ్‌పూర్ దగ్గర హెల్మెట్ అద్దం ఎత్తితే పొయ్యిలో మొహం పెట్టినట్టే ఉంటది.

అదైనా ఓర్చుకోవచ్చు, అసలు తేల్చాల్సింది లీవు లెక్క. రోజుకి 500 కొట్టినా జమ్మూ చేరేసరికి ఐదో రోజు, లేహ్ చేరేసరికి ఏడో రోజు. రావడానికి మళ్ళీ అంతే. రెండు వారాల లీవు పెట్టినోడికి ఇంక మిగిలేదేంటి? అప్పుడు అందరూ చేసే పని ఒకటే, కిలోమీటర్లు తగ్గించుకోరు, రెస్టు తగ్గించుకుంటారు. లేహ్ ఎత్తే 3,500 మీటర్లు, అక్కడ దిగిన మర్నాడే 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా కనుమ ఎక్కుతారు, ఆ ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడక తలనొప్పి, వాంతులు, ఇంక పాంగాంగ్ సరస్సు ఏం చూస్తారు. పైగా జమ్మూ-శ్రీనగర్ మధ్య రాంబన్ దగ్గర కొండచరియలు పడ్డా, శ్రీనగర్ దాటాక వచ్చే జోజిలా కనుమ మూసేసినా ఒకరోజు గోవిందా. చేతిలో ఖాళీ రోజు లేనోడు అక్కడే తొందరపడి రాత్రిపూట నడుపుతాడు.

అందుకే నా ఓటు రైలుకే. మీరెక్కే రైల్లోనే లగేజీ కింద బుక్ చేస్తే పార్సిల్ కన్నా ఖర్చు కొంచెం ఎక్కువైనా బండి మీతోనే వచ్చే ఛాన్స్ ఎక్కువ, పార్సిల్‌లో వేస్తే ముందూ వెనకా అవుతది. ఆర్‌సీ, ఆధార్ జిరాక్సులు ఉంచుకోండి, ట్యాంకులో పెట్రోల్ పూర్తిగా తీసేయాలి. అద్దాలు మీరే విప్పి బ్యాగులో పెట్టుకోండి. స్టేషన్ బయట గోనెపట్టా కట్టేవాళ్ళుంటారు, ట్యాంకు మీదా హెడ్‌లైట్ మీదా డబుల్ కట్టమనండి, దిగాల్సిన స్టేషన్ పేరు, ఫోన్ నంబరు అట్టముక్క మీదే కాదు గోనె మీద కూడా మార్కర్‌తో రాయండి, అట్టలు ఊడిపోతాయి. క్లచ్ లివర్, బ్రేక్ లివర్ స్పేర్ తప్పనిసరి, ఎక్కించి దించేటప్పుడు ముందు వంగేవి అవే. ఢిల్లీలో దిగాక ట్యాంకు ఖాళీ కాబట్టి బంకు దాకా తోసుకుంటూ పోవాల్సిందే, అదొక్కటే చిరాకు.

ఢిల్లీ నుంచి మాత్రం శ్రీనగర్ వైపు ఎక్కి మనాలి వైపు దిగండి, తిరగేయొద్దు. శ్రీనగర్, తర్వాత 2,676 మీటర్ల కార్గిల్‌లో పడుకుంటే ఒళ్ళు మెల్లగా అలవాటు పడతది. మనాలి వైపు నుంచి ఎక్కితే రాత్రి ఆగే సర్చూనే 4,290 మీటర్లు, అంటే లేహ్ కన్నా పైన పడుకుంటారు. దిగేటప్పుడు లేహ్ దగ్గరి కారూలో ట్యాంకు నింపి, ఇంకో 5 లీటర్ల క్యాన్ కట్టుకోండి, హిమాచల్‌లోని తాండీ దాకా మధ్యలో బంకు దొరుకుతుందని నమ్ముకోవద్దు. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్, లద్దాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ చేయించుకోండి.

అద్దె బండి సంగతి రెండు ముక్కల్లో: మనాలిలోనో ఢిల్లీలోనో తీసుకున్న అద్దె బండిని లేహ్ దాటి నుబ్రా, పాంగాంగ్ వైపు పోనివ్వరు, అక్కడి అద్దె బైకుల యూనియన్‌వాళ్ళు ఆపేస్తారు. ఫ్లైట్‌లో లేహ్ దిగి అక్కడే తీసుకుంటే ఓకే, వారం లీవున్నోళ్ళకి అదే దారి, కానీ ముందు రెండు రోజులు హోటల్ దాటొద్దు. ఫ్రెండ్ బండి తీసుకుపోదాం అనుకునేవాళ్ళకి, ఆర్‌సీలో మీ పేరు లేకపోతే అది కూడా అద్దె బండే అని పట్టుకుంటారు. ట్రాన్స్‌పోర్ట్ లారీలో పంపడం ఇల్లు మారేవాళ్ళకి, ఏ రోజు చేరుద్దో చెప్పలేని దానికి లీవు కట్టలేం.

20 రోజుల పైన లీవుంటే మాత్రం పోయేటప్పుడు హాయిగా నడుపుకుంటూ పోండి, నేనేం ఆపను. వచ్చేటప్పుడు ఢిల్లీలో రైలెక్కించేయండి, లద్దాఖ్ చూసొచ్చినోడికి ఆగ్రా తర్వాత రోడ్డు అస్సలు ఎక్కదు.