పెంచాల్సింది ఏ పింఛను? పీఎఫ్‌దా, ఒకటో తారీఖుదా, కిస్తీలు కట్టేదా

ఒక లెక్క చూద్దాం. గుంటూరు చుట్టుపక్కల ఏదో స్పిన్నింగ్ మిల్లులో 18 ఏళ్లు పనిచేసిన మనిషి. చేతికొచ్చే జీతం ఎంతైనా, యాజమాన్యం పీఎఫ్ కట్టింది 6,000 బేసిక్ మీదే. 58 నిండాక అతనికొచ్చే పింఛను నెలకు 1,543 రూపాయలు. అదే వీధిలో జీవితమంతా మిర్చి కోతలకు, కలుపుకు పోయి బతికిన ఆమె ఉంది. పే స్లిప్ అంటే ఏంటో ఆమెకు తెలీదు. ఒకటో తారీఖున వృద్ధాప్య పింఛనుగా ఆమె చేతిలో పడేది 4,000.

"కట్టినోడికి వెయ్యిన్నర, కట్టనోళ్లకు నాలుగు వేలా?" అని ఆయన అడిగితే తప్పు పట్టలేం. కానీ ఆ కోపం ఆమె మీదికి మళ్లకూడదు. అందుకే ఈ పోలిక.

ముందు ఆ 1,543 ఎలా వచ్చిందో చూడాలి. పీఎఫ్ పింఛను, అంటే 1995 నవంబరు 16న మొదలైన ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్), ఒకే ఒక్క సూత్రం మీద నడుస్తుంది. చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. జీతం ఎంతున్నా లెక్కలోకి తీసుకునేది 15,000 వరకే. 2014 సెప్టెంబరుకు ముందు ఆ పరిమితి 6,500. యాజమాన్యం కట్టే వాటాలోంచి జీతంలో 8.33 శాతం ఈ నిధికి పోతుంది, కేంద్రం ఇంకో 1.16 శాతం కలుపుతుంది. మన మిల్లు మనిషి పేరున యాజమాన్యం వాటాగా నెలకు 500 చొప్పున 18 ఏళ్లలో పోయింది లక్షా 8 వేలు. అది వడ్డీ లేకుండా.

ఇంత చేసి వచ్చిన పింఛను ఇక పెరగదు. అసలు గొడవంతా ఇక్కడే ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ఏడాదికి రెండుసార్లు, జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి డీఏ, అంటే ధరలను బట్టి ఇచ్చే కరవు భత్యం, సవరిస్తారు. ఈపీఎస్‌లో డీఏ అన్న మాటే లేదు. 58 ఏళ్లప్పుడు వచ్చిన 1,543 రూపాయలే 78 ఏళ్లప్పుడూ వస్తాయి. ఈలోగా కందిపప్పు ధర, బీపీ మాత్రల ధర ఎంత పెరిగినా సరే.

కనీస పింఛను 1,000 అని 2014 సెప్టెంబరులో పెట్టారు. భగత్ సింగ్ కోశ్యారీ కమిటీ 2013లోనే 3,000 చేయమని చెప్పింది. పింఛనుదార్ల సంఘాలు 7,500తో పాటు డీఏ అడుగుతున్నాయి. వాళ్లు ఢిల్లీ వెళ్లి ధర్నాలు చేసినా ఆ వెయ్యి పదేళ్లు దాటినా కదల్లేదు. దేశమంతా కలిపి ఈ పింఛనుదార్లు 78 లక్షల వరకు ఉన్నారు. ఓట్ల లెక్కలో అది చిన్న సంఖ్యేం కాదు. కానీ ఏ రాష్ట్రంలోనూ ఒక్క దగ్గర గుంపుగా ఉండరు. అందుకే ఎవరికీ పట్టదేమో అని నా అనుమానం.

ఈపీఎస్‌కు ఒక గొప్ప బలముంది, అది మర్చిపోకూడదు. ఇది హక్కు. ప్రభుత్వం మారినా ఆగదు, సర్వే పేరుతో జాబితాలోంచి కొట్టేయరు. ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తే చాలు. మనిషి పోయినా భార్యకు సగం వస్తుంది, అదీ వెయ్యికి తగ్గకుండా.

ఇక ఒకటో తారీఖు పింఛను, అంటే రాష్ట్ర ప్రభుత్వం ముసలివాళ్లకు ఇచ్చేది. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 2014లో 1,000 అయింది, 2019 జనవరిలో 2,000. ఆ తర్వాత 2,250, 2,500, 2,750, 3,000 అంటూ మెట్లెక్కి 2024 జులైలో 4,000 అయింది. ఆ నెల బకాయిలు కలిపి ఒకేసారి 7,000 ఇచ్చారు. తెలంగాణలో 2014లో ఆసరా పేరుతో 1,000తో మొదలై, 2019లో 2,016 అయింది. 2023 ఎన్నికల్లో 4,000 అన్నారు. ప్రభుత్వం మారి ఏడాది దాటినా దక్కింది 2,016 రూపాయలే.

పెరిగిన తేదీలు చూడండి. ధరల పట్టికతో వాటికి సంబంధం లేదు, ఎన్నికల క్యాలెండర్‌తో ఉంది. అది ఈ పింఛనుకున్న రోగం. కానీ ఎన్నికల పుణ్యమో ఏమో, పదేళ్లలో ఒకచోట నాలుగు రెట్లు, ఇంకోచోట రెండు రెట్లు పెరిగింది. ఈపీఎస్ ఒక్క రూపాయి పెరగలేదు.

ఆంధ్రలో ఒకటో తారీఖున పొద్దున్నే సచివాలయం ఉద్యోగి గడప దగ్గరికొస్తాడు. చేతిలో ఫోను, దానికి తగిలించిన వేలిముద్ర మిషను. అంట్లు తోమి, కోతలు కోసి గీతలు అరిగిపోయిన వేళ్లను మిషను గుర్తుపట్టదు. ఆ వేలు, ఈ వేలు, కొంగుకు తుడుచుకుని మళ్లీ. చివరికి "ముఖం చూపించు మామ్మా" అని ఫోను ఎత్తిపడతారు. బ్యాంకు క్యూ లేదు, ఆటో ఖర్చు లేదు. నడవలేని ముసలివాళ్లకు ఇది డబ్బుతో సమానమైన మేలు.

లోపాలూ తక్కువేం లేవు. వృద్ధాప్య పింఛను ఇంటికి ఒక్కటే. ముసలాయనకు వస్తే ఆమె అతని చేతివైపు చూడాల్సిందే. కరెంటు 300 యూనిట్లు దాటినా, ఇంట్లో కారున్నా, కొడుకు గవర్నమెంటు ఉద్యోగైనా పింఛను పోతుందేమోనని టెన్షనే. ఆ కొడుకు అన్నం పెడుతున్నాడా లేదా అన్నది కంప్యూటర్‌కు అనవసరం. 60 నిండినా కొత్త మంజూర్లు ఎప్పుడు తెరుస్తారా అని ఎంపీడీవో ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లు ప్రతి మండలంలోనూ ఉంటారు.

ఆ 4,000లో కేంద్రం వాటా ఎంతో చాలామందికి తెలీదు. 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకు 200, 80 దాటితే 500. అదీ కేంద్రం ఒప్పుకున్న సంఖ్య వరకే. 1995లో ఇది 75 రూపాయలు. 200 అయ్యాక దాదాపు ఇరవై ఏళ్లుగా అక్కడే ఆగిపోయింది. ధరలతో పాటు పెరిగినా ఈపాటికి 500 దాటాలి. ఆంధ్రలో 60 లక్షల పైచిలుకు పింఛన్లకు ఏటా 30 వేల కోట్లకు మించి పోతోంది. దాదాపు మొత్తం రాష్ట్రం మోసేదే. జార్ఖండ్, బిహార్ లాంటి రాష్ట్రాలు అంత మోయలేవు. ఏ రాష్ట్రంలో పుట్టావన్న దాన్నిబట్టి ముసలితనం విలువ మారిపోవడం న్యాయం కాదు.

మూడోది కిస్తీలు కట్టే పథకాలు, అంటే కేంద్రం నడిపే అటల్ పెన్షన్, అసంఘటిత కార్మికుల కోసం పెట్టిన శ్రమయోగి మాన్‌ధన్. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఎందుకంటే ఇప్పుడు ముసలివాళ్లైన వాళ్లకు ఇవి పనికిరావు. 40 దాటితే చేర్చుకోరు. 30 ఏళ్ల మనిషి అటల్ పెన్షన్‌లో 60 తర్వాత నెలకు 5,000 కావాలంటే నెలకు 577 కట్టాలి. శ్రమయోగి మాన్‌ధన్‌లో 105 కడితే ప్రభుత్వం ఇంకో 105 వేస్తుంది, 3,000 వస్తుంది. ధరలు ఏటా 5 శాతం పెరిగితే, 30 ఏళ్ల తర్వాత ఆ 5,000 ఇవాళ్టి 1,150కి సమానం. ఆ 3,000 అయితే 700 కూడా కాదు. రెండిట్లో ఒకటంటే నేను అటల్ వైపే మొగ్గుతాను. భర్త తర్వాత భార్యకు అదే మొత్తం వస్తుంది, ఇద్దరూ పోయాక నామినీకి 8.5 లక్షలు ముడతాయి. మాన్‌ధన్‌లో భార్యకు సగమే, పిల్లలకు ఏమీ రాదు. ఏదైనా వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడంతే, ముసలితనమంతా దాని మీద వేసుకుని కూర్చోలేం.

ఖజానాలో ఉన్న అదనపు రూపాయి ముందు ఎక్కడ పెట్టాలంటే, నా ఓటు ఒకటో తారీఖు పింఛనుకే. అదీ రాష్ట్రం కాదు, కేంద్రం వాటా పెంచాలి, ధరల సూచీకి ముడిపెట్టాలి. పొలం పనికి పోయే ఆడమనిషికి, ఇళ్లల్లో పనిచేసే ఆమెకు పీఎఫ్ ఏ జన్మలోనూ రాదు, ఈపీఎస్ ఎంత పెంచినా వాళ్లకు అందదు. ఆ తర్వాతి రూపాయి ఈపీఎస్ కనీస పింఛనుకు. కోశ్యారీ కమిటీ చెప్పిన 3,000 అయినా చేసి డీఏ కలపాలి. 7,500 ఒకేసారి సాధ్యం కాదంటే ఒప్పుకుంటాను. అందరి మీదా గీసిన 15,000 గీతతో వసూలు చేసిన నిధి అంత మోయదు, బడ్జెట్ నుంచి వేయాల్సిందే. కానీ డీఏ వద్దనడానికి మాత్రం ఏ సాకూ నిలబడదు.

ఈలోగా 58కి దగ్గరపడ్డ కాంట్రాక్టు కార్మికులు ఒక పని చేసుకోవాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త పీఎఫ్ నంబరు ఇచ్చి ఉంటారు. ఆ పాత సర్వీసంతా ఒకే యూఏఎన్‌లోకి, అంటే ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరులోకి, కలిపించుకోండి. ఆధార్‌లో పేరు, పీఎఫ్‌లో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా ముందే సరిచేయించండి. పదేళ్లు నిండలేదని 10సీ ఫారం వేసి ఆ కాస్త డబ్బు తీసేసుకుంటే పింఛను దారి మూసుకుపోతుంది. దానికి బదులు చేసిన సర్వీసుకు రుజువుగా ఇచ్చే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని తర్వాతి ఉద్యోగంలో కలుపుకోవచ్చు. తొమ్మిదేళ్ల ఆరు నెలలు దాటినా పదేళ్ల కిందే లెక్క.