టస్కెగీ ఇటుకలు, పిన్ పాయింట్ పీతలు: జార్జియా, అలబామాల్లో ఒక తిరుగుడు

అట్లాంటా వచ్చిన మనవాళ్ల టూరు లిస్టు దాదాపు ఒకటే. అక్వేరియం, కోకాకోలా మ్యూజియం, స్టోన్ మౌంటెన్, ఆదివారం రివర్‌డేల్‌లో వెంకన్న గుడి. చరిత్ర మీద కాస్త మోజుంటే మార్టిన్ లూథర్ కింగ్ సమాధి. ఈసారి మేం వేరే దారి పట్టాం. అమెరికాలో నల్లజాతి కన్జర్వేటివ్‌లు అనగానే టీవీలో అరుచుకునే మొహాలు గుర్తొస్తాయి, అదంతా నిన్నమొన్న పుట్టిన వ్యవహారంలా ఉంటుంది. ఆ ఆలోచన అసలు ఏ మట్టిలోంచి వచ్చిందో చూడాలంటే మాత్రం దక్షిణాదికి పోవాలి. నాతో వచ్చింది ఆల్ఫరెట్టాలో ఉండే మా బావ. ఆయన అమెరికా సుప్రీంకోర్టులోని నల్లజాతి కన్జర్వేటివ్ జడ్జి క్లారెన్స్ థామస్ వీరాభిమాని. నేను కాదు. కాబట్టి దారిలో పాటలు పెట్టుకోవాల్సిన అవసరం రాలేదు.

మొదట పీడ్‌మాంట్ పార్క్. చూడ్డానికి కుక్కల్ని తిప్పేవాళ్లు, జాగింగ్ చేసేవాళ్లు, అంతే. పార్కింగ్ దొరకడానికి పట్టిన సమయంలో సగం పార్కు నడిచేయొచ్చు. 1895 సెప్టెంబర్ 18న ఇక్కడ జరిగిన ఎగ్జిబిషన్‌లో, టస్కెగీలో నల్లవాళ్ల బడి నడిపిన బుకర్ టి. వాషింగ్టన్ మాట్లాడాడు. బానిసగా పుట్టిన మనిషి, తెల్లవాళ్లు కూడా ఉన్న సభలో వేదికెక్కడమే అప్పట్లో వింత. సామాజిక విషయాల్లో మనం వేళ్లలా విడివిడిగా ఉండొచ్చు, ప్రగతి విషయంలో మాత్రం ఒకే చెయ్యి అన్నాడు. ముందు పని నేర్చుకుందాం, ఆస్తి కూడబెట్టుకుందాం, హక్కుల గొడవ తర్వాత అన్నది సారాంశం. తెల్లవాళ్లు చప్పట్లు కొట్టారు. నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ తర్వాత దాన్ని 'అట్లాంటా రాజీ' అన్నాడు, ఆ పేరే నిలిచింది. పార్కు కోసమే వెళ్లక్కర్లేదు, దారిలో ఉంటే ఓ పావుగంట చాలు.

ఆబర్న్ అవెన్యూలో కింగ్ పుట్టిన ఇల్లు మేం వెళ్లినప్పుడు మరమ్మతుల కోసం మూసి ఉంది. ఎబినేజర్ చర్చి, నీళ్ల మధ్య సమాధి చూశాం. ప్రవేశం ఉచితం, సిబ్బంది ఓపిగ్గా చెబుతారు. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. కింగ్ తండ్రి, ఈ చర్చి పాస్టరే, 1960 అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ నిక్సన్ వైపు ఉన్నాడు. లింకన్ పార్టీ కదా, పైగా ఎదురు నిలబడ్డ కెనడీ క్యాథలిక్. అక్టోబర్‌లో కొడుకు జైలుకెళ్లినప్పుడు ఈయన కోడలికి కెనడీ ఫోన్ చేసి పలకరించాడు. దాంతో పెద్దాయన అటు తిరిగాడు. నాలుగేళ్లకు పౌరహక్కుల చట్టానికి వ్యతిరేకంగా ఓటేసిన గోల్డ్‌వాటర్‌ని రిపబ్లికన్లు నిలబెట్టారు. ఆ తర్వాత నల్లవాళ్ల ఓటు ఆ పార్టీ దగ్గరికి మళ్లీ గంపగుత్తగా వెళ్లలేదు. "చూశావా, ఇల్లు మార్చింది వాళ్లు కాదు, ఇంటి ఓనరు మారాడు" అన్నాన్నేను. బావ ఒప్పుకోలేదు, సమాధానం మాత్రం టస్కెగీ దాకా దొరకలేదు.

ఐ-85 మీద రెండు గంటల ప్రయాణం. అలబామాలోకి దాటగానే గడియారం ఒక గంట వెనక్కి వెళుతుంది, పొద్దున్నే బయల్దేరితే అది కలిసొస్తుంది. ఊరు చిన్నది, కాస్త వెలిసిపోయినట్టుంది. క్యాంపస్‌లోకి అడుగుపెట్టాక సంగతి వేరు.

1881 జులై 4న బడి మొదలైనప్పుడు బుకర్‌కి పాతికేళ్లు. భవనాలు విద్యార్థులే కట్టారు, ఇటుకలూ వాళ్లే కాల్చారు. అంత తేలిగ్గా కాలేదు. మొదటి మూడు బట్టీలు వరసగా పాడయ్యాయి. నాలుగోదానికి డబ్బుల్లేక ఆయన తన గడియారం మాంట్‌గామరీలో తాకట్టు పెట్టాడు. పాత భవనాల గోడల దగ్గర నిలబడి చూడండి. ఒక ఇటుక ముదురు ఎరుపు, పక్కది నారింజ, ఒకదాని అంచు కాస్త వంగి ఉంటుంది. చదువు బదులు కూలీ పని నేర్పాడని బుకర్‌ని వెక్కిరించేవాళ్లు ఈ గోడల్ని ఒకసారి చెయ్యి పెట్టి తడిమితే బాగుండును. ఈ భవనాల డిజైన్లు గీసిన రాబర్ట్ టేలర్ ఎంఐటీలో చదివిన నల్లజాతి ఆర్కిటెక్ట్. అంటే ఇక్కడ ఇటుక మాత్రమే తయారవలేదు.

ఆయన ఇల్లు 'ది ఓక్స్', ఇక్కడ పనిచేసిన వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ మ్యూజియం రెండూ నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉన్నాయి, ఉచితం. బయల్దేరే ముందు వేళలు ఒకసారి చూసుకోండి. కార్వర్ మ్యూజియానికి గంటన్నర ఇవ్వాలి. అక్కడికి దగ్గర్లోనే మోటన్ ఫీల్డ్, రెండో ప్రపంచ యుద్ధంలో నల్లజాతి పైలట్లు శిక్షణ పొందిన చోటు. పిల్లలుంటే దాన్ని వదలకండి, విమానం హాంగర్‌లోకి అడుగుపెట్టగానే వాళ్ల ఫోన్లు జేబుల్లోకి వెళ్లిపోతాయి.

బసకి ఊళ్లో ఎక్కువ ఏర్పాట్లు లేవు. క్యాంపస్‌లోనే హోటల్ ఉంది, లేదంటే దగ్గర్లోని యూనివర్సిటీ ఊరు ఆబర్న్‌లో ఉండాలి. మేం హైవే పక్కన ఒక మోటల్ తీసుకున్నాం. ఏసీ రాత్రంతా గొణుగుతూనే ఉంది, పొద్దున బ్రేక్‌ఫాస్ట్ అంటే పొట్లంలో కేకు ముక్క. ఆబర్న్‌లో ఉండడమే మేలు, మన విద్యార్థులు ఉన్న ఊరు కాబట్టి అన్నం కూడా దొరుకుతుంది. శాకాహారులకి ఒక మాట: ఈ ప్రాంతంలో ఆకుకూర అని నమ్మి తినకండి, కొలార్డ్ గ్రీన్స్‌లో పంది మాంసం పడేది మామూలే. అక్క కట్టిచ్చిన పులిహోర మమ్మల్ని కాపాడింది.

బావకి టస్కెగీలో బలం వచ్చింది. "ప్రభుత్వాన్ని అడుక్కోకుండా కట్టుకున్నారు" అన్నాడు. నిజమే. కానీ ఇదే ఊరికి ఇంకో కథ ఉంది. చదువు, ఆస్తి, ఉద్యోగం అన్నీ సంపాదించుకున్న టస్కెగీ నల్లవాళ్లు ఓటు హక్కు కోసం నమోదు చేసుకోవడం మొదలుపెట్టేసరికి, 1957లో అలబామా శాసనసభ ఊరి సరిహద్దునే మార్చేసింది. చతురస్రంలా ఉన్న ఊరు 28 భుజాల వింత ఆకారం అయింది. దాదాపు 400 మంది నల్లజాతి ఓటర్లలో నలుగురైదుగురు తప్ప అందరూ రాత్రికి రాత్రి ఊరి బయటివాళ్లయ్యారు. తెల్లవాళ్లలో ఒక్కరు కూడా పోలేదు. ఇక్కడి ప్రొఫెసర్ చార్లెస్ గొమిలియన్ కోర్టుకెళ్లారు, 1960లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆయన పక్షాన నిలిచింది. బుకర్ చెప్పినవన్నీ చేసి చూపించిన మనుషులకే ఇలా జరిగింది. ఆ సంగతి బుకర్‌కీ తెలియనిది కాదు. పైకి రాజీ మాటలు చెబుతూనే, అలబామా ఓటు నిబంధనల మీద 1903లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన గైల్స్ కేసుకి గుట్టుగా డబ్బిచ్చాడు. ఆ కేసు ఓడిపోయింది, అది వేరే విషయం.

అక్కణ్నించి కొలంబస్, మేకన్ మీదుగా సవానా. రోజంతా కారే, పైగా అలబామాలో మిగిలిన గంట ఇక్కడ పోతుంది. సవానా పాత బస్తీ అందమే వేరు, బస ఖర్చూ వేరే. నది ఒడ్డున గది, పార్కింగ్ కలిపితే మన జేబుకి చిల్లే. ఐ-95 దగ్గర పూలర్‌లో ఉంటే సగం ఖర్చుతో పోతుంది. మేం ఊళ్లోనే ఒక రిటైర్డ్ సైనికుడి ఇంట్లో గది తీసుకున్నాం. శుభ్రం, వెనక వరండా, పొద్దున్నే మంచి కాఫీ. నల్లజాతి పెద్దమనిషి. మేం ఎక్కడికి వెళుతున్నామో చెబితే నవ్వి, థామస్ తాతగారంటే తనకి గౌరవమని, మనవడి గురించి మాత్రం మాట్లాడనని కాఫీ పోశాడు.

పిన్ పాయింట్ సవానా శివారులో ఉప్పు బురద నేలల పక్కన చిన్న పల్లె. చుట్టుపక్కల దీవుల్లో బానిసలుగా ఉన్నవాళ్లు విడుదలయ్యాక 1890ల్లో కట్టుకున్నది. థామస్ 1948లో పుట్టింది ఇక్కడే. 1926 నుంచి 1985 దాకా నడిచిన పీతలు, ఆయిస్టర్ల ఫ్యాక్టరీ ఇప్పుడు మ్యూజియం. వారమంతా తెరిచి ఉండదు, టికెట్ ధర ఎక్కువేం కాదు. ఈ ట్రిప్పులో నా ఓటు దీనికే. మగవాళ్లు ఏట్లోంచి తెస్తే, ఆడవాళ్లు బల్లల ముందు వరసగా నిలబడి చిన్న కత్తితో ఉడికిన పీత డొప్పలోంచి మాంసం ఒలిచేవాళ్లు. తీసిన బరువును బట్టి కూలి. థామస్ తల్లి కూడా ఈ పని చేసింది. భీమవరం పక్క రొయ్యల ఫ్యాక్టరీల్లో తలలు తీసే ఆడవాళ్లని చూసినవాళ్లకి ఆ గది గురించి వేరే చెప్పక్కర్లేదు. ఈ తీరం నల్లవాళ్ల గీచీ మాట, పాట, వంట అన్నీ ఓపిగ్గా చూపిస్తారు. ఈ మ్యూజియానికి డబ్బు పెట్టింది థామస్ స్నేహితుడైన టెక్సస్ కోటీశ్వరుడు హార్లన్ క్రో అని 2011లోనే పత్రికల్లో వచ్చింది. ఆ స్నేహం మీద తర్వాత ఎంత రచ్చ అయిందో తెలిసిందే. డబ్బు ఎవరిదైనా, పల్లె జ్ఞాపకం నిలబడింది. ఈ విషయంలో మాత్రం బావ, నేను ఒకటే మాట.

ఏడేళ్ల వయసు దగ్గర్లో థామస్ సవానాలో తాత మైయర్స్ ఆండర్సన్ ఇంటికి వెళ్లాడు. పెద్దగా చదువు లేని ఆయన ట్రక్కు మీద ఇంధన నూనె, ఐస్ ఇంటింటికీ వేసి బతికాడు. స్వయంకృషి అన్న మాట థామస్ నోట వచ్చినప్పుడల్లా ఆ తాతే కనిపిస్తాడు. కానీ అదే తాత నల్లవాళ్ల పౌరహక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీలో సభ్యుడు కూడా. ఒకరి ముందు చెయ్యి చాచకపోవడం, హక్కు కోసం కోర్టుకెళ్లే సంఘానికి చందా కట్టడం ఆయనకి ఒకే పని. బుకర్ గుట్టుగా చేసింది ఈయన బాహాటంగా చేశాడు. ఆ రెండింటినీ విడదీసింది ఆ తర్వాతి తరం.

నా ఫిర్యాదు అక్కడే. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు నుంచి రెండు తీర్పులొచ్చాయి. కాలేజీ అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కోర్టు కొట్టేసింది, థామస్ దానికి విడిగా సుదీర్ఘమైన సమర్థన రాశాడు. ఆ రోజు మన వాట్సాప్ గ్రూపుల్లో పండగే. అదే నెలలో అలబామా నియోజకవర్గాల కేసు వచ్చింది. నల్లవాళ్ల ఓటు పలచబడేలా గీతలు గీశారని కోర్టు 5-4తో తేల్చింది, థామస్ విభేదించాడు. అది మన గ్రూపుల్లో ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. ఆ తీర్పు వల్ల 2024 ఎన్నికలకి కొత్తగా గీసిన నియోజకవర్గంలో టస్కెగీ చేరింది. 1965లో ఓటు హక్కు చట్టం ఆగస్టులో వచ్చింది, మనలాంటివాళ్లకి ఈ దేశం తలుపు తీసిన ఇమిగ్రేషన్ చట్టం అక్టోబర్‌లో వచ్చింది. రెండో చట్టం మీద వచ్చినవాళ్లం మొదటిదాన్ని పరాయి గొడవ అనుకుంటే ఎలా?

బావ దీనికి వెంటనే జవాబిచ్చాడు, అది న్యాయమైందే. "నల్లవాడు ఇలాగే ఆలోచించాలని ఎవరు రాసిపెట్టారు? మన ఇళ్లల్లో నాలుగు పార్టీలుంటే తప్పులేదు గానీ వాళ్లింట్లో ఉంటే ద్రోహమా?" సవానా దీనికి మంచి సాక్ష్యం. డెమోక్రాట్ సెనేటర్ రాఫెల్ వార్నాక్ పుట్టింది కూడా ఈ ఊళ్లోనే, ప్రభుత్వ ఇళ్ల సముదాయంలో పెరిగాడు, ఎబినేజర్‌లో పాస్టర్. 2022లో ఆయన మీద రిపబ్లికన్లు నిలబెట్టింది మరో నల్లజాతీయుణ్ని, ఫుట్‌బాల్ ఆటగాడు హెర్షెల్ వాకర్‌ని. రన్‌ఆఫ్, అంటే రెండో విడత ఓటింగ్ దాకా వెళ్లి వార్నాక్ గెలిచాడు.

టైం ఉంటే ఈస్ట్ హెన్రీ స్ట్రీట్ కార్నెగీ లైబ్రరీకి వెళ్లండి. నల్లవాళ్లని తెల్లవాళ్ల నుంచి వేరుగా ఉంచిన రోజుల్లో వాళ్ల కోసం కట్టింది, థామస్ చిన్నప్పుడు చదువుకున్న చోటు, ఇప్పుడూ మామూలు లైబ్రరీగానే నడుస్తోంది. రెండు రోజులే ఉంటే పీడ్‌మాంట్ వదిలేసి ఒక రోజు టస్కెగీకి, ఒకటి పిన్ పాయింట్‌కి ఇవ్వండి. తిరుగు ప్రయాణంలో సవానాలోనే ట్యాంకు నింపుకోండి, ఐ-16 మీద మేకన్ దాకా పైన్ చెట్లు తప్ప పెద్దగా ఏమీ తగలవు.